నగలూ, ప్రకృతీ

ప్రకృతిని ప్రేమించే మనిషికి నగ పెట్టవలసి వస్తే ఏ నగ పెట్టాలి? పైకి ఇది చాలా చిన్న ప్రశ్న. సాహిత్య విమర్శా, సమాజ విమర్శా అచ్చువేసే పత్రికలో దీనికి చోటేమిటని కొందరు అడగవచ్చు. అయితే చిన్న ప్రశ్నలతో ఒక చిక్కు ఉన్నది. వాటికి నిజాయితీగా జవాబు చెప్పబోతే ఇంట్లో బీరువా దగ్గర బయలుదేరి గనులదాకా, వరిపొలాలదాకా, తాకట్టు కొట్టుదాకా నడవవలసి వస్తుంది.

నాకీ ప్రశ్న ఎందుకు వచ్చిందో రెండు మాటల్లో చెపుతాను. మా మేనకోడలు కాలేజీలో జంతుశాస్త్రం చెపుతుంది. ఏటా జనవరిలో నీటిపక్షుల లెక్క జరిగేటప్పుడు తెల్లవారుజామునే కొల్లేరు చేరి, ఆటపాక దగ్గర గూడబాతులనూ, ఎర్రకాళ్ళ కొంగలనూ లెక్కపెట్టే గుంపులో ఆమె ఒకతె. ఆ పిల్లకు పెళ్ళి కుదిరింది. మా వైపు ఆడపిల్లకు మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి చెవులు కుట్టిస్తారు. ఆ మేనమామే పెళ్ళికి కమ్మలు పెట్టటం మా ఇళ్ళలో ఆనవాయితీ. ఆమె ఆనవాయితీని కాదనలేదు. "పెట్టు మామయ్యా, పెట్టుకుంటాను. కాని నా కమ్మల కోసం కొత్తగా ఎక్కడా ఏమీ తవ్వకూడదు, దేన్నీ చంపకూడదు, ఎవరి నోరూ కొట్టకూడదు" అన్నది. మూడోది వినగానే నాకు కొంత గర్వం కలిగిన మాట నిజం. ఈ మూడూ కలిసి ఒక నగలో దొరకటం ఎంత కష్టమో తరువాత తెలిసింది.

అందరిలాగే మేమూ మొదట దుకాణానికి పోయాము. బెజవాడలో బందరు రోడ్డుమీద నగల దుకాణాలకు ఈనాడు కొదవ లేదు. గుమ్మంలో చల్లగాలి, లోపల అద్దాల బీరువాలు. మేము వెళ్ళినచోట ప్రకృతి పేరుతోనే ఒక బీరువా విడిగా ఉన్నది. అందులో ఆకులు, తీగలు, పిట్టలు, తూనీగలు, అన్నీ బంగారానివే. పొద్దుటినుంచి నిలబడి ఉన్నట్టు కాళ్ళు మార్చుకుంటూ ఒక కుర్రవాడు, "మేడమ్‌కు నేచర్ ఇష్టమన్నారు గదా సార్, ఇది చూడండి" అని ఆకు ఆకారంలో ఉన్న కమ్మల జత తీసి పరిచాడు.

"ఇది ఏ ఆకండీ?" అని అడిగింది మా పిల్ల.

"లీఫ్ డిజైనండీ."

"అదే, ఏ చెట్టుది?"

కుర్రవాడు నవ్వి ఊరుకున్నాడు. పక్కనున్న పెద్దాయన వచ్చి, "ఫారిన్ డిజైన్ మేడమ్, చాలా మూవింగులో ఉంది" అని ఆదుకున్నాడు. కొసలు తేలి, అంచు రంపంలాగున్న ఆ ఆకు మేపుల్ ఆకు. కెనడా జెండామీద ఉండేది అదే. కృష్ణా డెల్టాలో ఆ చెట్టు కింద నిలబడినవాడు లేడు. ఇందులో ఆ కుర్రవాడి తప్పేమీ లేదు. ఎక్కడో ఒకచోట మైనంతో అచ్చు తీస్తారు, దాన్నుంచి వందలకొద్దీ ఒకే తీరుగా పోతపోస్తారు, బొమ్మల పుస్తకంతోపాటు అవి ఊరూరా దుకాణాలకు చేరతాయి. అమ్మేవాడికి ఆకు తెలియదు, కొనేవాడికి అక్కరలేదు, చేసినవాడికి ఆలోచించే వ్యవధి లేదు. ప్రకృతి ప్రేమ సరుకుగా మారటమంటే ఇదే. ప్రకృతిలో ఏ చెట్టుకు ఆ చెట్టు వేరు. సరుకులో మాత్రం అన్ని ఆకులూ "లీఫే".

మనవాళ్ళ పాత నగల పేర్లు ఒకసారి తలుచుకోండి. మామిడిపిందెల పేరు, మొగలిరేకు, చామంతిబిళ్ళ, జడమీద నాగరం, పాపిటకు రెండువైపులా సూర్యుడూ చంద్రుడూ, పసిపిల్లల నుదుట రావిరేక. వీటిలో దేన్ని పట్టుకున్నా ఫలానా చెట్టు, ఫలానా పువ్వు అని చెప్పవచ్చు. వీటిని చేసిన కంసాలికి గాని, పెట్టుకున్న ఇల్లాలికి గాని "ప్రకృతి ప్రేమ" అనే మాట తెలియదు. ఇంటి ముందు రావిచెట్టు ఉన్నది, దొడ్లో మామిడి ఉన్నది, కాలవ గట్టున మొగలి ఉన్నది. కంటి ఎదుట ఉన్నదాన్ని చెయ్యి చేసింది. ప్రకృతిని ప్రత్యేకంగా ప్రేమించవలసిన అవసరం మనిషికి దాన్నుంచి దూరమైన తరువాతగాని రాలేదు. మన భావకవులు ప్రకృతిని ప్రేయసిని చేసినప్పుడు కూడా అంతే. వెన్నెలా, ఏరూ, సెలయేటి పక్కన పూలపొదా వాళ్ళ ప్రకృతిలో చేరినవి. మోకాలిలోతు బురదలో వంగి నారు నాటే మనిషి చేరలేదు. ఆ మనిషి కూడా ప్రకృతిలో భాగమేనన్న ఊహ ఆ కవిత్వానికి కొరుకుడు పడేది కాదు.

అయితే పాత నగలన్నీ పవిత్రమైనవని నేననటం లేదు. మా తాతల కాలంలో మగపిల్లవాడి మెడలో పులిగోరు వేలాడటం గొప్పింటి గుర్తు. ఒక గోరుకు ఒక పులి. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చిన తరువాత పులిగోరు దగ్గర పెట్టుకోవటమే నేరం. దంతపు గాజుల సంగతీ అంతే. మన ఏనుగుల దంతంతో వ్యాపారాన్ని 1986లో, ఆఫ్రికా దంతంతో వ్యాపారాన్ని 1991లో నిషేధించవలసి వచ్చింది. నవరత్నాల్లో కలిపి మనం రాయి అనుకునే పగడం అసలు రాయి కాదు, సముద్రంలో లక్షల చిన్నజీవులు కట్టుకున్న గూడు. మన తీరాల పగడపు దిబ్బలను 2001లో అదే చట్టం నీడకు తెచ్చారు. ఇక ముత్యం. హైదరాబాదు ముత్యాలని పేరేగాని హైదరాబాదుకు సముద్రం లేదు. ఈనాడు అక్కడ అమ్మేవాటిలో చాలాభాగం చైనా మంచినీటి చెరువుల్లో గుల్లలకు కోతపెట్టి పెంచినవి. ముత్యం తీసేటప్పుడు ఆ జీవి సాధారణంగా చచ్చిపోతుంది. ఇంతమందిని చంపి మెడలో వేసుకున్నవాళ్ళు ప్రకృతిని ద్వేషించినవాళ్ళు కారు. దాని అందానికి ముగ్ధులైనవాళ్ళే. ముగ్ధులు కావటం ఒక్కటే చాలదనటానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

జీవుల సొమ్ము వద్దు, రాయికి ప్రాణం లేదు గదా, వజ్రం తీసుకుందామంటే ఆ కథ మరీ దగ్గరిది. అది మన కృష్ణ ఒడ్డు కథ. ప్రపంచానికి బ్రెజిలు వజ్రాలు 18వ శతాబ్దంలోగాని తెలియవు. దక్షిణాఫ్రికా వజ్రాలు 19వ శతాబ్దంలోగాని తెలియవు. అంతకుముందు రాజుల కిరీటాల్లోకి వెళ్ళిన పెద్ద రాళ్ళు చాలావరకు కృష్ణాతీరపు గులకమట్టిలో దొరికినవే. కోహినూరు కొల్లూరు గనిలో దొరికిందని ఎక్కువమంది నమ్మకం. 17వ శతాబ్దం మధ్యలో ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే ఆ గనికి వచ్చి, దాన్ని దేశభాషలో "గని" అంటారని రాసుకున్నాడు. మన మాట అతని పుస్తకంలో అట్లా ఊరిపేరై కూర్చున్నది. అక్కడ ఆడా, మగా, పిల్లలూ కలిసి సుమారు 60,000 మంది పనిచేస్తున్నారని అతనే రాశాడు. మగవాళ్ళు తవ్వేవారు, ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోసేవారు. ఆ మట్టిని కడిగి, ఆరబెట్టి, చెరిగి, మిగిలిన గులకలో చేతితో వెతకటం. చేటతో చెరగటమన్న పని మనకు తెలిసిందే, బియ్యానికి బదులు రాళ్ళు.

వాళ్ళకేమి దక్కింది? కర్నూలు ప్రాంతపు రామళ్ళకోటగా పండితులు గుర్తించిన మరో గనిలో, పని బాగా తెలిసినవాడికి కూడా ఏడాదికి 3 వరహాలే కూలి అని టావెర్నియే చెపుతాడు. తరువాత అరవై డెబ్బై ఏళ్ళలోపే, మన కృష్ణాతీరంలో దొరికిన ఒక రాయిని మద్రాసు గవర్నరు థామస్ పిట్ 48,000 వరహాలకు కొన్నాడు. అది దొరికింది పరిటాలలోనని కొందరు, కొల్లూరులోనని కొందరు అంటారు. కాలం వేరు, గని వేరు, కాబట్టి లెక్క సూటిగా సరిపోదు. అయినా వేసి చూడండి: ఒక మనిషి 16,000 ఏళ్ళ కూలి. దాన్ని 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి అమ్మారు. ఈనాడు అది పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉన్నది. ఆ రాయి గురించి చిరకాలంగా చెప్పుకునే కథ ఒకటున్నది. గనిలోని బానిస ఒకడు తన కాలికి తానే గాయం చేసుకుని, కట్టులో రాయి దాచి పారిపోయాడనీ, సముద్రం దాటిస్తానన్న ఇంగ్లీషు ఓడ కప్తాను రాయి తీసుకుని అతన్ని చంపాడనీ. ఇది జరిగిందో లేదో తేల్చటం కష్టం. కాని జనం ఆ రాయికి కట్టిన కథ మెరుపు గురించి కాదు, కాలి గాయం గురించి. జనం చేసే విమర్శ ఇట్లాగే ఉంటుంది.

కొల్లూరు ఈనాడు పులిచింతల జలాశయం నీటికింద ఉన్నది. పరిటాల మీదుగా హైదరాబాదు బస్సులు ఆగకుండా పోతాయి.

ఇక బంగారం. అది పొలంలో పండదని అందరికీ తెలుసు. ఎట్లా వస్తుందో మాత్రం పెళ్ళి బజారు చేసేటప్పుడు ఎవరూ తలుచుకోరు. చాలా గనుల్లో టన్ను రాతిని పిండిచేస్తే దక్కే బంగారం కొద్ది గ్రాములు. ఆ పిండిని సైనైడు నీటితో కడగాలి. పిండి అక్కడే ఉండిపోతుంది. మన పొరుగునే కోలారు బంగారు గనులున్నవి. 1880లో ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చి, 3 కిలోమీటర్లకు మించిన లోతుకు దిగి, 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. అందులోకి దిగినవాళ్ళు ఉత్తరార్కాటు నుంచి వచ్చిన తమిళులూ, చిత్తూరు వైపు నుంచి వచ్చిన మన తెలుగువాళ్ళూ. వాళ్ళలో అత్యధికులు దళితులు. బంగారం పోయింది, కంపెనీ పోయింది, ఊరిచుట్టూ కొండల్లాగా సైనైడు దిబ్బలు మిగిలినవి. ఎండాకాలం గాలికి ఆ దుమ్ము ఇళ్ళలోకి వస్తుంది. గనుల కంపెనీలు లేనిచోట, అమెజాను అడవుల్లోనూ ఆఫ్రికాలోనూ పేదవాళ్ళు పాదరసంతో బంగారాన్ని పట్టుకుని, ఆ పాదరసాన్ని నిప్పుమీద ఆవిరి చేసి పీలుస్తారు. మినమాటా పేరుతో 2013లో దేశాలన్నీ చేసుకున్న పాదరస ఒప్పందంలో ఈ బంగారం పనికి ఒక అధికరణమే కేటాయించవలసి వచ్చింది.

ఇప్పుడు మన దేశంలో హాల్‌మార్కు నగమీద 916 అని వేసి, 2023 ఏప్రిల్ నుంచి ఆరు అక్షరాల సంఖ్య కూడా తప్పనిసరి చేశారు. మంచిదే, మోసం తగ్గుతుంది. 22 కారెట్ల బంగారమని ఆ అక్షరాలు హామీ ఇస్తాయి. అది ఏ కొండ కడుపులోనుంచి వచ్చిందో, అచ్చుపోసినవాడికి రోజుకు ఎంత ఇచ్చారో అందులో ఉండదు. బంగారం కొన్నవాడు అడగగలిగింది బంగారం కల్తీయా కాదా అని మాత్రమే.

గిల్టు నగ కొనవచ్చు గదా అని ఒక మిత్రుడు సలహా చెప్పాడు. నవ్వులాటకు అన్నాడుగాని నేను నిజంగానే బందరు పోయాను. మచిలీపట్నంలో చిలకలపూడి పేరు ఎరగని తెలుగు ఇల్లు లేదు. మన మాటల్లో "చిలకలపూడి బంగారం" అంటే దొంగ సరుకనే అర్థం స్థిరపడిపోయింది. మాటను స్థిరపరిచినవాళ్ళు అసలు బంగారం కొనగలిగినవాళ్ళు. నిజానికి అక్కడ మోసమేమీ లేదు. రాగినే రాగి అని చెప్పి, పైన పూత ఎన్నేళ్ళుంటుందో చెప్పి అమ్ముతారు. వెనక పల్చని బంగారు రేకును రాగిమీద అతికించి సాగదీసే రోల్డుగోల్డు పద్ధతి. తరువాత కరెంటు పూత. తీగె తీయటం, కడియాలు కలపటం, రాళ్ళు పొదగటం, కడగటం, పూత, మెరుగు, ఒక్కొక్క పని ఒక్కొక్క చేతిలో జరుగుతుంది. ఊరి బయట పోతేపల్లిలో దీనికోసం పార్కు కట్టారుగాని, పనిలో చాలాభాగం ఇప్పటికీ ఇళ్ళలోనే. గొలుసు కడియాలు కలిపేది, రాళ్ళు అతికేది ఆడవాళ్ళు. వంట చేసుకుని, పిల్లల్ని బడికి పంపి, వీధరుగుమీద కూర్చుని డజన్ల లెక్కన చేస్తారు. కూలి కూడా డజన్ల లెక్కనే.

ఒక గ్రాము బంగారం అక్కడ ఎంతమంది మెడలకు సరిపోతుందో చూస్తే, కొత్తగా తవ్వకూడదన్న మా పిల్ల మొదటి షరతు దాదాపు తీరినట్టే. కాని పూత తొట్టిలో ఉండేది కూడా సైనైడు ఉప్పే. కడగటానికి ఆమ్లాలు వాడతారు. ఆవిరి పీల్చేదీ, చేతులు ముంచేదీ పనివాళ్ళు. ఆ నీళ్ళు చివరికి పోయేది బందరు కాలవల్లోకీ, సముద్రంలోకీ. అక్కడినుంచి దక్షిణంగా నాగాయలంకవైపు పోతే కృష్ణ సముద్రంలో కలిసేచోట మడ అడవులున్నవి. బావురుపిల్లి అక్కడ చేపలు పట్టుకుని బతుకుతుంది. మూడో షరతు సంగతి సరేసరి. డజనుకింత అన్న కూలి పద్ధతి ఎవరి నోరు కొడుతుందో వేరే చెప్పాలా?

అయినా ఆ బందరు ప్రయాణం వృథా కాలేదు. నగకూ ప్రకృతికీ ఉన్న అసలు సంబంధం నాకు అక్కడ దొరికింది, అదీ ఒక చిల్లర వ్యాపారి మాటల్లో. గిల్టు గొలుసులు ఎప్పుడు ఎక్కువ అమ్ముడుపోతాయని అడిగాను. పెళ్ళిళ్ళ రోజుల్లో అంటాడనుకున్నాను. "పెళ్ళిళ్ళకు సరే మాష్టారూ, నాట్లప్పుడు కూడా పోతాయి" అన్నాడు. ఎందుకో నాకు వెంటనే తట్టలేదు. "అసలుది తాకట్టుకు పోతుంది గదండీ, మెడ బోసిగా ఉండకూడదుగా" అన్నాడు.

డెల్టాలో పుట్టినవాడికి ఇంతకంటే వివరించనక్కరలేదు. కాలవలకు నీళ్ళు వదిలి, ఆషాఢ శ్రావణాల్లో నాట్లు మొదలయ్యేసరికి దుక్కికి, నారుకు, ఎరువుకు, నాటుకూలికి డబ్బు కావాలి. మన డెల్టాలో నేల దున్నేవాళ్ళలో కౌలుదారులే ఎక్కువ. నేల పట్టా వాళ్ళ పేరున ఉండదు. కౌలుదారుకు బ్యాంకు అప్పు దొరకటానికి 2011లో ఒక చట్టం వచ్చింది, 2019లో మరొకటి వచ్చింది. రెండోదాని ప్రకారం కార్డు కావాలంటే భూస్వామి సంతకం కావాలి. సంతకం పెడితే నేల ఎక్కడ పోతుందోనని అతని భయం. కాబట్టి కౌలుదారుకు మిగిలిన ఏకైక హామీ భార్య మెడలో గొలుసు. శ్రావణంలో అది తాకట్టు కొట్టుకో, బ్యాంకు లాకరుకో పోతుంది. మెడలోకి చిలకలపూడి గొలుసు వస్తుంది. పంట చేతికొచ్చి, ధాన్యం డబ్బు అందితే, సంక్రాంతికి అసలుది ఇంటికి వస్తుంది. నవంబరులో తుఫాను వచ్చి పనలు నీళ్ళలో తేలిన ఏడు రాదు. వడ్డీ పెరిగి వేలానికి పోతుంది.

ఇంత కచ్చితంగా రుతువుల వెంట తిరిగే నగను ఏ ప్రకృతి బీరువాలో చూడగలం? వానతో బయటికి పోయి పంటతో ఇంటికి వచ్చే ఆ గొలుసుకు ఆకు ఆకారం ఉండదు. పెట్టుకున్న మనిషి తనను ప్రకృతి ప్రేమికురాలిగా ఎన్నడూ చెప్పుకోదు. కాని ఆకాశంవైపు ఆమె చూసినంత ఆత్రంగా ఏ కవీ చూసి ఉండడు.

ఇక్కడ మనవాళ్ళతో, అంటే అభ్యుదయవాదులమనుకునేవాళ్ళతో, నాకొక పేచీ ఉన్నది. నగ అనగానే మనం ముఖం చిట్లిస్తాము. అది సంకెల అనీ, భూస్వామ్యపు డాంబికమనీ, ఆడవాళ్ళ అజ్ఞానమనీ ఉపన్యసిస్తాము. జాతీయోద్యమంనుంచీ ఈ ధోరణి ఉన్నది. 1921లో గాంధీ మన ప్రాంతానికి వచ్చినప్పుడు మాగంటి అన్నపూర్ణాదేవి తన నగలు దాదాపు అన్నీ తీసి ఇచ్చేసింది. ఆ త్యాగాన్ని తక్కువ చేసేవాడెవడూ లేడు. కాని ఒక్క సంగతి గమనించాలి. ఆ రోజుల్లో మగవాడు ఇవ్వదలిస్తే పొలం అమ్మి ఇవ్వవచ్చు, ఇల్లు అమ్మి ఇవ్వవచ్చు. ఆడమనిషి ఇవ్వదలిస్తే చేతిలో ఉన్నది నగలే. నేలలో కూతురికి వాటా లేదు, దానికి బదులు కాసింత బంగారం పెట్టి పంపారు. ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు, హక్కు 1986 నాటి చట్టంతో వచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. చట్టం వచ్చినంత తొందరగా చేను రాలేదని మనలో ప్రతి ఇంటివాడికీ తెలుసు. నేల అంతా తన దగ్గర పెట్టుకుని, ఆమె మెడలోని నాలుగు కాసులను చూసి డాంబికమనటం సులభమే. సంస్కర్త మెడ బోసిగా ఉండవచ్చు, అతనికి పట్టాదారు పుస్తకం ఉన్నది.

ఈ మాటలన్నీ మా మేనకోడలితో చెప్పాను. ఆమె పెద్దగా ఆశ్చర్యపడలేదు. "అయితే రాళ్ళు వద్దు మామయ్యా, మీనా పని వద్దు. తాకట్టులో రాళ్ళ బరువు తీసేస్తారు, మీనాకు విలువ కట్టరు. సాదాగా చేయించు. కొత్త బంగారం కొనకు, ఇంట్లో ఉన్నది కరిగించు" అన్నది. కొల్లేరులో పక్షుల్ని లెక్కపెట్టే పిల్లకు తాకట్టు కొట్టు లెక్కలు ఎట్లా తెలుసునంటే, ఆమె వెంట దోనె నడిపే ఇళ్ళలో ఆడవాళ్ళతో మాట్లాడిందట. పక్షుల కోసం పోయి మనుషుల్ని కూడా చూసి వచ్చిందన్నమాట. ప్రకృతి ప్రేమికుల్లో ఇటువంటివాళ్ళు కొద్దిమంది కనిపిస్తారు.

మా అమ్మ కాసులపేరులో, అప్పులకూ పెళ్ళిళ్ళకూ పోగా మిగిలినవి రెండు కాసులు. అచ్చమైన సవరన్లు. ఒకదానిమీద విక్టోరియా రాణి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తై డెల్టా పండటం మొదలైన తరువాత ధాన్యం ఓడలెక్కి పోతే, దానికి బదులుగా వచ్చిన బంగారంలో కొంత ఇట్లా ఆడవాళ్ళ మెడల్లోకి చేరింది. ఆ ధాన్యం ఎవరు పండించారు, మా తాతకు మక్తా ఎవరు కొలిచారు అని అడిగితే ఆ కాసు కూడా మూడో షరతుకు నిలవదు. ఈ సంగతి ఆమెకు చెప్పే ఇచ్చాను. కరిగిస్తే పాత పాపం పోతుందని నేనూ అనలేదు, ఆమే అనలేదు. కొత్తగా తవ్వటం మాత్రం తప్పింది.

చేయించటానికి దుకాణానికి పోలేదు. దుకాణాల్లో తరుగని ఒక పద్దు ఉన్నది. యంత్రంలో పోతపోసిన నగకు కూడా నూటికి పది పదిహేను వంతులు తరుగు వేస్తారు. అంత బంగారం పని చేసేటప్పుడు ఎక్కడికీ పోదు, మళ్ళీ మూసలోకే పోతుంది. పనివాడికి కూలి ఇవ్వకుండా, కొన్నవాడిదగ్గర కూలి పేరు చెప్పకుండా లాభం తియ్యటానికి ఆ మాట ఎంతో అనుకూలం.

బెజవాడ వన్‌టౌనులో ఒక ఆచారిగారు ఇంకా కుంపటి పెట్టుకుని కూర్చుంటున్నారు. వాళ్ళ తండ్రి కాలంలో, 1963 జనవరిలో బంగారు నియంత్రణ నిబంధనలు వచ్చి 14 కారెట్లకు మించిన నగ చెయ్యరాదన్నారు. దేశమంతటా కంసాలులు పనిలేక కూలికి పోయారు, కొందరు తమ పనికి వాడే సైనైడే మింగారు. ఆ చట్టం 1990లో పోయింది. ఈలోపల వచ్చిన అద్దాల దుకాణాలు మాత్రం పోలేదు. ఆ వీధిలో ఒకప్పుడు వరసగా కుంపట్లుండేవట, ఇప్పుడు మూడు.

ఆయన కాసును గీటురాయిమీద గీసి చూసి, మూసలో వేసి, చిటికెడు వెలిగారం చల్లి, ఊదుగొట్టం అందుకున్నారు. విక్టోరియా రాణి ముఖం ఎర్రబడి, అంచులు జారి, గుండ్రని బొట్టుగా మారింది. ఇంత వయసులో అటువంటిదానికి సంతోషించటం చిన్నతనమేగాని, సంతోషించాను. మా పిల్ల చూపు మాత్రం పెట్టె మూలనున్న గురివింద గింజలమీద పడింది. ఇప్పుడు తూకం కరెంటు త్రాసుమీదే అయినా తండ్రి వాడిన గింజలు ఆయన పారెయ్యలేదు. కంచెలమీద పాకే తీగ గింజ ఒక్కొక్కటీ ఇంచుమించు ఒకే బరువుండబట్టి బంగారానికి కొలత అయింది. నమిలితే ప్రాణం తీసే విషం కూడా అందులో ఉన్నది. వాటిలో నాలుగు అడిగి తీసుకున్నది, కాలేజీ కంచె దగ్గర వెయ్యటానికి.

రెండు సాదా గుండ్లు, వెనక మర సీలలు, అంతే. మజూరీ ఎంతన్నాను. "రెండు రోజుల పని మాష్టారూ, రెండు రోజుల కూలి ఇవ్వండి" అన్నారు. తరుగు సంగతి అడిగితే నేలవైపు చూపించారు. సాయంత్రం పని కట్టేసేటప్పుడు పీటకింద పరిచిన గుడ్డ దులిపి, చీపురుతో ఊడ్చి, ఆ దుమ్మంతా రేకు డబ్బాలో వేసుకుంటారు. ఏడాదికొకసారి దాన్ని కొనుక్కుపోయేవాళ్ళు వస్తారట. కంసాలి వీధుల మురుగుకాలవల మట్టిని కూడా జలగడిగి రజను తీసి బతికే మనుషులు. ఇప్పుడు మూడు కుంపట్ల దుమ్ముకు వాళ్ళకు బస్సు చార్జీలు కూడా గిట్టటం లేదనీ, రెండేళ్ళనుంచి ఎవరూ రాలేదనీ ఆచారిగారు చెప్పారు. డబ్బా దాదాపు నిండింది.